గానుగింటి గోడ

మా అత్త పోయిన ఐదోనాడు ఒకామె మరకపడ్డ చీరను సంకలో పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. పక్క ఊరి మనిషి, కబురు అందలేదు. వెలుగుతున్న దీపం, గోడకు చేరగిలబడ్డ చుట్టాలు కనిపించేసరికి సంగతి అర్థమై, చీరను వెనక్కి దాచుకొని ఏడ్చింది. ఏడుపు తగ్గాక నేనే చెయ్యి చాపి చీర తీసుకున్నాను. బండి కందెన. ఆముదంలో గడ్డిమసి కలిపి ఇరుసుకు రాసేది. కొంగు పక్కన జానెడు మేర నల్లగా పాకింది. ఆమె అప్పటికే దాన్ని నీళ్లలో ముంచి సబ్బుతో రుద్దింది, అది ఇంకా గట్టిగా కూర్చుంది.

"ముందుగాల నీళ్లు తాకిచ్చినవా?" అని అడిగాను.

తాకించానంది. చుట్టాల్లో ఇద్దరు తలెత్తి నా వైపు చూశారు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎప్పుడూ మా అత్త గొంతే అడిగేది. ఆమె బతికి ఉంటే ఆ చీర మనిషిని నాలుగు తిట్టేది. "నీళ్లు ముందు పోసుడంటె మరకకు పీటేసి కూసోబెట్టుడే" అనేది. నాకు తిట్టడం చేతకాదు. కందెన మీద నువ్వులనూనె రాసి కాసేపు ఉంచమని, తర్వాత తవుడు చల్లి పొడిగా రుద్దమని, నల్లదనమంతా తవుడుకు ఎక్కాకే వేడినీళ్లు ముట్టించమని చెప్పి పంపాను. ఆమె పోతూ పోతూ, అచ్చం మీ అత్త చెప్పినట్టే చెప్తున్నవంది. దానికి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకు కలగలేదో చెప్పాలంటే మా అత్త గురించి చెప్పాలి.

మాది జనగామకు నాలుగు కోసుల దూరంలో ఒక గానుగ ఇల్లు. నువ్వులు, ఆముదాలు, పల్లికాయ ఆడించి నూనె తీసి అంగళ్లల్లో అమ్ముకొని బతికిన కుటుంబం. నూనె ఇంట్లో జిడ్డు లేని చోటు ఉండదు. గడప జిడ్డు, తాడు జిడ్డు, ఎద్దు మెడ జిడ్డు, మా మామ మాట తప్ప అన్నీ జిడ్డే. ఆయన మాట మాత్రం ఎండుకట్టె. అటువంటి ఇంటికి మా అత్త అడవి వైపు నుంచి, టేకుమట్ల అవతలి పల్లె నుంచి కోడలిగా వచ్చింది. వస్తూ మూటలో ఇప్పచెక్క తెచ్చుకుందట. ఇప్పగింజలు ఆడించి నూనె తీశాక మిగిలే పిప్పి అది, నానబెట్టి రుద్దితే నురగ వస్తుంది. ఊరివాళ్లు అడవి పిల్ల అని నవ్వారట. ఏడాది తిరిగేలోపు ఆ నవ్వినవాళ్లే మరకబట్టలు పట్టుకొని ఆమె వాకిట్లో నిలబడ్డారు.

మరకను ఆమె ముందు చూసేది కాదు, వాసన పట్టేది. బట్టను ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకునేది. కొత్త నూనెనా, మూకుట్లో నాలుగుసార్లు కాగిందా, నెయ్యా, కొవ్వా, అన్నీ ముక్కుతోనే తేల్చేది. బెల్లం పాకం అంటితే గోరు పెట్టనిచ్చేది కాదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచితే దానంతట అదే పోతుందని, గీకితే బట్ట పోతుందని అనేది. తుమ్మజిగురును ఎండనిచ్చి పొలుసు లేపేది, మిగిలినదానికి నూనె రాసేది. జిగురును నూనే రమ్మంటదని ఆమె నమ్మకం. జీడిమరక తెస్తే మాత్రం చేతులు కట్టుకొని కూర్చునేది. "దానితోని కొట్లాడకు. అది మనకంటె ఎక్కువేండ్లు బతుకుతది" అని బట్ట తిరిగి ఇచ్చేసేది.

ఒకసారి ఒక రైతు భార్య తన మొగుడి అంగీ తెచ్చింది. భుజం మీద అరచేయంత నూనెమరక. ఆమె కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. అత్త వాసన చూసి, వంటనూనె మరక, ఏ పెండ్లిలోనో వడ్డించేటోడు మీద పోసి ఉంటడని చెప్పింది. ఆమె ముఖం తేటపడింది. అంగీని అందుకొని వాసన చూసింది నేనూ. అది సన్నజాజుల వాసనేసే తలనూనె, మా చుట్టుపక్కల ఊళ్లల్లో అటువంటిది వాడే ఆడమనిషి ఒకతే ఉండేది. నేను అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడకుండా తవుడు తెమ్మంది. మరక ఎట్లా అంటిందో ప్రతివాళ్లనూ గుచ్చిగుచ్చి అడిగేది గాని, విన్న మాట ఆ వాకిలి దాటించేది కాదు. డబ్బులు ముట్టేది కాదు. ఇస్తే, పోయి మీ పిల్లలకు బెల్లంముక్క కొనివ్వుమని, ఆ అంటిన బెల్లం కడగడానికి మళ్లా తన దగ్గరికే రమ్మని అనేది.

ఇంత చేసిన మనిషి ఇంటి గోడలు ముట్టేది కాదు. మా గోడలు మట్టిగోడలు, ఎర్రమన్ను పూత. నడుమెత్తు దాకా వీపులు, భుజాలు, కుండలు రాసుకొని నల్లగా, నిగనిగలాడుతూ ఉండేవి. దసరాకు ఇల్లంతా ఒకేసారి మన్ను పూసేవాళ్లు, నెల తిరగకముందే మళ్లా జిడ్డు. పదహారేళ్లకు కోడలిగా వచ్చిన నాకు ఆ గోడలు చూస్తే రోత పుట్టేది. నేను జనగామలో స్టేషను దగ్గర, సున్నం వేసిన ఇంట్లో పెరిగిన పిల్లను. మా అమ్మ గోడ మీద వేలిముద్ర కనిపిస్తే అన్నం తినేది కాదు. బట్టల మరకలకు ఇంత ఆరాటపడే మనిషి గోడల్ని ఎందుకు వదిలేసిందని అడిగాను. గానుగింటి గోడ నూనె తాగాలె, తాగనియ్యి అంది. బద్ధకం అనుకున్నాను. అప్పుడు నాకు నా కడిగిన చేతులంటే చాలా గర్వం.

అవి ఊళ్లల్లో సంఘం లేచి, దొరల మీద, సర్కారు మీద జనం తిరగబడ్డ సాయుధ పోరాటం రోజులు. మా మరిది, మా ఆయన తమ్ముడు, దళంలోకి పోయి అప్పటికి ఏడాది దాటింది. ఇరవై నిండలేదు. కోసెడు దూరంలో దొర గడీలో సర్కారు సిపాయిల క్యాంపు. మా ఇంటికి అప్పటికి రెండుసార్లు తలాషీకి వచ్చి ఏమీ దొరకక పోయారు. మరిది దొరికితే చెట్టుకు కట్టి కాలుస్తారని అందరికీ తెలుసు, పక్క ఊళ్లో ఇద్దరిని అట్లా చేశారు. అత్త అతని పేరు ఎత్తేది కాదు. అన్నం కుండలో ఒక మనిషి తిండి ఎక్కువ వండి, పొద్దున దాన్ని చద్దన్నం అని తానే తినేది.

ఒక మధ్యాహ్నం మా ఆయన జనగామ నుంచి ఆముదాల బస్తాలు తోలుకొచ్చాడు. బస్తాల కింద మరిది ఉన్నాడు. జ్వరం, కాలి మీద చీము పట్టిన గాయం. నూనెకుండలు పెట్టే లోపలి గదిలో రెండు రోజులు పడుకున్నాడు. అత్త గాయం కడిగింది, గంజి తాగించింది. మూడోనాడు తెల్లవారకముందే అతను లేచి, మా నూనెతోనే తుపాకీ తుడుచుకొని, మానుకోట వైపు పోతున్నానని తల్లికి, నాకు వినబడేటట్టు చెప్పి పోయాడు. అత్త అన్నం మూట ఇచ్చింది. ఆ రోజు అంగడి కావడంతో, ఎప్పటిలాగే ఉండకపోతే ఊరికి అనుమానం వస్తుందని నూనెకుండ నెత్తిన పెట్టుకొని అంగడికి పోయింది.

మగవాళ్లిద్దరూ పొద్దున్నే పక్క ఊరికి పోయి ఉన్నారు, నేను లోపలి గది ఊడ్చడానికి పోయాను. గోడ మీద, తుపాకీ ఆనించిన చోట, నా ఛాతీ ఎత్తున వేలంత పొడుగు నల్లటి జిడ్డుగీత. ఆ గోడ మీద అటువంటి గీతలు, మచ్చలు వెయ్యి ఉన్నాయి. నా కంటికి ఆ ఒక్కటే కనిపించింది. తవుడు తెచ్చాను, వేడి బూడిదనీళ్లు తెచ్చాను, అత్త దాచుకున్న ఇప్పచెక్క తెచ్చాను. రుద్ది రుద్ది ఆ గీతనూ, దాని చుట్టూ అరచేతులు రెండింటి మేర పాతజిడ్డునూ ఊడదీశాను. లోపలి ఎర్రమన్ను బయటపడింది. చేతులు కడుక్కొని, మరిదిని నేనే కాపాడినట్టు మురిసిపోయాను. ఇంత వయసొచ్చాక కూడా ఆ మురిపెం తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం పుడుతుంది.

సందేళకు ముందే సిపాయిలు వచ్చారు. బస్తాలు పొడిచారు, కుండలు ఒలికించారు. జమేదారు లోపలి గదిలోకి వచ్చి, నల్లటి గోడ మధ్యలో ఎర్రగా వెలుగుతున్న ఆ ఒక్క ముక్క ముందు ఆగిపోయాడు. వేలితో తాకాడు. తర్వాత దాని కిందికి చూశాడు. అలుకునేల మీద, సరిగ్గా దాని అడుగున, తుపాకీ మడమ ఆనిన వంకర గుంట. అది నేను చూడనే లేదు. గోడ మీద మరక మరకలాగే ఉండి ఉంటే ఆయన కూడా చూసేవాడు కాదు.

"ఇల్లంత గలీజుంది. గీ జాగ ఒక్కటే సాఫ్ ఎవరు జేసిండ్రు?" అన్నాడు.

ఆ క్షణానికే అత్త ఖాళీకుండతో గడపలోకి వచ్చింది. ఆమె ముందు గోడను చూసింది, తర్వాత నా చేతుల్ని చూసింది. నేను నోరు తెరిచానో లేదో నాకే తెలియదు. ఆమె కుండ దించింది.

"నేనే తుడిచిన" అంది.

జమేదారు నమ్మలేదు. గోడ ఇంకా తడి ఉందన్నాడు. పొద్దున తుడిచి అంగడికి పోయానని, జిడ్డు తాగిన గోడ తొందరగా ఆరదని, కావాలంటే ఊళ్లో ఏ గానుగవాణ్నైనా అడగమని ఆమె నిదానంగా జవాబు చెప్పింది. ఎందుకు తుడిచావంటే మాత్రం జవాబు చెప్పలేదు. ఆమెను ఎద్దుబండి వెనక కట్టి నడిపించుకుపోయారు. నేను వడ్ల గరిసె వెనక నిలబడి చూశాను. ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

నాలుగు రోజులు క్యాంపులో ఉంచారు. కొడుకు ఎటు పోయాడని అడిగారు. ఆమెకు తెలుసు. మానుకోట అన్న ఒక్క మాట చాలు. ఆమె చెప్పలేదు. ఐదోనాడు వదిలేస్తే మా మామ బండి తీసుకుపోయి తెచ్చాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. తుపాకీ మడమతో కొట్టారట, నాలుగు వేళ్లూ చితికాయి. వైద్యం తెలిసిన మనిషి వచ్చి కట్లు కట్టాడు గాని అవి వంకరగానే అతికాయి. ఆ చేత్తో ఆమె మళ్లీ గుడ్డ పిండలేదు, ముద్ద కలపలేదు.

బండి దిగగానే మా మామ అందరి ముందు తిట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు ఈ ఇంట్లో ఉండి గోడ ముట్టవద్దని తెలియదా, కొడుకు పానం మీదికి తెస్తావా అని. అరుగు మీద ఇరుగుపొరుగు ఉన్నారు, మా ఆయన ఉన్నాడు. అత్త నా ముఖంలోకి ఒకసారి చూసి, వాళ్ల వైపు తిరిగి, మతి తప్పింది, కొడుకు భయంలో ఏం చేస్తున్ననో తెలియలేదు అంది. నేను అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు.

మూడు రోజుల తర్వాత బావి దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు ఆమె కాళ్ల మీద పడ్డాను. ఆమె ఎడమచేత్తో లేపింది.

"నువ్వని చెప్తె క్యాంపుకు నిన్ను తీస్కపోదురు. పదహారేండ్ల పిల్లవు. ఆడికి పోయినంక నువ్వు మనిషిలెక్క తిరిగొస్తువా?" అంది. నా మోకాళ్ల మట్టి దులిపి మళ్లీ అంది. "ఇంట్ల చెప్తనని అనకు. మీ మామ నిన్ను జనగామకు తోలేస్తడు. ఎవరి చేతులు ఇరగాల్నో ఇరిగినయి. ఇంకొకల బతుకు ఎందుకు ఇరగాలె?"

నేను ఆ మాట పట్టుకున్నాను. పట్టుకోవడం తేలిక కాబట్టి పట్టుకున్నాను.

ఆ తర్వాత మరకల పని మా ఇద్దరిదీ అయింది. ఆమె పీట వేసుకొని కూర్చొని వాసన చూసి చెప్పేది, నేను రుద్దేదాన్ని. తవుడు ఎక్కువైతే తగ్గించమనేది, గట్టిగా రుద్దితే నా మోచెయ్యి తట్టేది. ఊరివాళ్లు అత్తాకోడళ్లంటే గిట్ల ఉండాలె అని ముచ్చటపడేవాళ్లు. ఒక్కోసారి అలవాటు కొద్దీ ఆమె కుడిచెయ్యి బట్ట వైపు వచ్చేది. వచ్చి, మధ్యలో ఆగి, మళ్లీ ఒడిలోకి పోయేది. నేను తల వంచుకొని రుద్దుతూ ఉండేదాన్ని. ఆమె నన్ను ఒక్కనాడు కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేదేమో.

పోరాటం ఆగిపోయాక మరిది తిరిగొచ్చాడు. మానుకోటలో స్థిరపడ్డాడు, పెళ్లయింది, పిల్లలయ్యారు. నోటి చురుకైన మనిషి, నలుగురు చేరితే నవ్వించకుండా ఉండలేడు. మా ఇంటి పోరాట కథల్లో అతనికి అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. తుపాకులతోని సర్కారు నన్ను పట్టలేకపోయింది గాని, మా అవ్వ తవుడుతోని పట్టియ్యబోయింది అని మొదలుపెట్టేవాడు. జమేదారు మొహం పెట్టి చూపించేవాడు, తల్లి మొహం పెట్టి చూపించేవాడు. అందరూ పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్లు. తల్లి చేతికి ఏమైందో అతనికి తెలుసు, ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించేవాడు. కాని తప్పు ఆమెదే అన్నది అతని లెక్కలో స్థిరపడిపోయింది. ప్రేమగానే అనేవాడు. అవ్వా, నీ శుభ్రం పిచ్చి సల్లగుండ అని ఆమె భుజాన చెయ్యి వేసేవాడు. అత్త కూడా నవ్వేది. ముప్పై ఏళ్లకు పైగా ఆ కథ పెళ్లిళ్లలో, బారసాలల్లో, నా ఎదుటే నడిచింది. నేను వడ్డిస్తూ ఉండేదాన్ని.

దినాల నాడు భోజనాలు అయ్యాక చుట్టాలంతా వాకిట్లో కూర్చున్నారు. పోయిన మనిషి గురించి ఒక్కొక్కరూ ఒక్కో ముచ్చట చెప్పుకుంటున్నారు. ఆ సన్నజాజుల అంగీ రైతు భార్య కూడా వచ్చింది, ముసలిదైపోయింది. అత్త చేయి పడితే పోని మరక లేదని కళ్లొత్తుకుంది. అప్పుడు ఎవరో కుర్రకారు మరిదిని గోడ కథ చెప్పమన్నారు. అతను గొంతు సవరించుకున్నాడు. కళ్లల్లో నీళ్లు ఉన్నాయి, అయినా నవ్వుతూనే, తుపాకులతోని సర్కారు నన్ను పట్టలేకపోయింది గాని అని మొదలుపెట్టాడు.

"ఆ గోడ తుడిచింది మీ అవ్వ గాదు. నేను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మొత్తం చెప్పాను. మా ఆయన తల దించుకొని విన్నాడు. నన్ను పుట్టింటికి తోలేసే మామ పోయి పదిహేనేళ్లు, కాపాడిన అత్త పోయి పదకొండు రోజులు. ఇప్పుడు చెప్పడానికి నాకు ఖర్చయ్యేది ఏమీ లేదని ఆ వాకిట్లో ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా చెప్పాను.

మరిది భుజం మీది తువ్వాలను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు. "నీకు ఎన్నడు చెప్పబుద్ధి గాలేదా వదినా?"

"రోజూ అయింది" అన్నాను. "ముందు భయపడ్డ. తర్వాత అలవాటైంది."

అతను తలూపాడు. కోపం వస్తుందనుకున్నాను, వస్తే బాగుండుననుకున్నాను. రాలేదు. చేతిలో తువ్వాలను మడతలు పెడుతూ కూర్చున్నాడు.

"నేను గట్ల నవ్విచ్చినప్పుడు అవ్వ ఏమనేది?" అన్నాడు చివరకు. "నిజం చెప్పు."

నిజమే చెప్పాను. మానుకోటలో అతని పెద్దబిడ్డ పెళ్లిలో అతను ఆ కథ చెప్పి అందర్నీ నవ్విస్తుంటే, నేను ఇక తట్టుకోలేక, ఇప్పుడే లేచి చెప్పేస్తానని అత్త చెవిలో అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకొని కూర్చోబెట్టింది. కొడుకు వైపే చూస్తూ అంది.

"వాడు బతికొచ్చి నవ్వుతున్నడు. నవ్వనియ్యి."

మరిది మడతపెట్టిన తువ్వాలను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అతని భుజాలు ఆగకుండా కదిలాయి. ఎవరూ దగ్గరికి పోలేదు. కథ అడిగిన కుర్రవాడు లేచి, నీళ్లచెంబు తెచ్చి అతని పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.